చేతులు చేసే ప్రార్థన

కళ్లు మూసుకొని కదలకుండా కూర్చోమంటే మీలో ఎంతమంది కూర్చోగలరు? నిమిషమైనా గడవకముందే వీపు దురద పెడుతుంది. వీధిలో ఎవరో పిలిచినట్లు అనిపిస్తుంది. రేపటి లెక్కల పరీక్ష గుర్తుకు వస్తుంది. ఈ ఇబ్బంది మీకే కాదు, పెద్దవారికీ ఉన్నది. మనసు కోతి వంటిదని ఊరికే అనలేదు. ఆ కోతిని కట్టివేయడం కష్టమని తెలిసిన మన పూర్వులు ఒక ఉపాయం కనిపెట్టారు. చేతికి ఒక చిన్న పని అప్పగించారు. చేయి ఒకే తీరున కదులుతూ ఉంటే మనసు మెల్లగా దాని వెంట వచ్చి కుదురుకుంటుంది. అటువంటి పనులు మన ఇళ్లలోనూ, ఇరుగుపొరుగు ఇళ్లలోనూ ఉన్నాయి. వాటిలో కొన్నింటిని గురించి తెలుసుకుందాం.

మొదటిది ముగ్గు. తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, బియ్యప్పిండితో ముగ్గు పెడతారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండిని సన్నని ధారగా వదలాలి. చేయి వణికితే గీత వంకరపోతుంది. మెలికల ముగ్గు మరీ కష్టం. ముందుగా చుక్కలు పెట్టి, వాటి చుట్టూ గీతను తిప్పుకుంటూ పోయి, బయలుదేరిన చోటికే చేర్చాలి. ఒక్క మెలిక తప్పితే గీత కలవదు. కనుక ముగ్గు పెట్టే వారి మనసు వేరే చోటికి పోవడానికి వీలుండదు. ఆ పిండి చీమలకూ పిచ్చుకలకూ ఆహారమవుతుంది. మధ్యాహ్నానికల్లా అడుగుల కింద ముగ్గు చెరిగిపోతుంది. అయినా ఎవరూ విచారించరు. మరునాడు మళ్లీ పెడతారు.

దీనినే తమిళులు కోలం అంటారు. కన్నడిగులు రంగవల్లి అనీ, మరాఠీలు రాంగోళీ అనీ అంటారు. ఒడిశాలో మార్గశిర మాసపు గురువారాలలో లక్ష్మీపూజకు బియ్యం రుబ్బిన పిండినీళ్లతో ఝోటి వేస్తారు. అందులో లక్ష్మి పాదాలు గీస్తారు. పేర్లు వేరైనా వంగిన నడుమూ, వేళ్ల మధ్య పిండీ, నిలిచిన చూపూ ఒక్కటే. ముగ్గు ఆడపిల్లల పని మాత్రమే అనుకోకండి. చుక్కలు కలపడం ఎవరైనా నేర్చుకోవచ్చు.

రెండవది పూసల మాల. హిందువుల జపమాలలో 108 పూసలుంటాయి. వాటికి తోడు మేరుపూస ఒకటి ఉంటుంది. జపం చేసేవారు దానిని దాటరు. అక్కడికి చేరగానే మాలను వెనుకకు తిప్పుకొంటారు. ముస్లింల తస్బీహ్‌లో 33 గాని 99 గాని పూసలుంటాయి. కథోలిక క్రైస్తవుల జపమాలలో పదేసి పూసల గుత్తులు అయిదు ఉంటాయి. మతాలు వేరైనా మాల చేసే మేలు ఒకటే. లెక్కపెట్టే పనిని వేళ్లు చూసుకొంటాయి. కనుక మనసు లెక్క మాని, తలచుకొంటున్న నామం మీద నిలుస్తుంది.

మూడవది రామకోటి. గళ్లు గీసిన పుస్తకంలో గడికొక్కసారి రామనామం రాస్తారు. మొత్తం కోటిసార్లు రాయాలి. రోజుకు వెయ్యి చొప్పున రాసినా పది వేల రోజులు పడుతుంది. అంటే 27 సంవత్సరాల పైచిలుకు! అంత కాలం ఎవరైనా తొందరపడి ప్రయోజనమేమున్నది? తొందర లేకుండా ఈ రోజు పుట ఈ రోజు రాయడమే రామకోటి నేర్పే పాఠం.

నాలుగవది రాట్నం. గాంధీజీ నూలు వడకడాన్ని యజ్ఞమన్నారు. పుణె దగ్గరి ఎరవాడ జైలులో ఉన్నప్పుడు కూడా ఆయన నూలు వడికారు. ఒక చేయి చక్రం తిప్పుతుంటే, రెండవ చేయి ఏకు నుంచి పోగు లాగుతుంది. ఎక్కువ లాగితే పోగు తెగుతుంది. తక్కువ లాగితే ముద్ద కడుతుంది. రెండు చేతులూ ఒక లయకు వచ్చినప్పుడే నూలు సన్నగా సాగుతుంది. ఆయన సోమవారాలు మౌనం పాటించేవారు.

అయితే ఇందులో ఒక ప్రమాదం కూడా ఉన్నది. చేయి తన పని తాను చేసుకుపోతూ ఉంటే, మనసు పక్కవాడి మీద కోపంతో ఉండవచ్చు. ఎవరి మాల ఎన్నిసార్లు తిరిగిందని పోటీ పడవచ్చు. మనసు నిర్మలంగా లేనిదే పైపై పూజ వల్ల ఫలం లేదని వేమన ఏనాడో హెచ్చరించాడు. లెక్క మనసును నిలపడానికే గాని గొప్ప చెప్పుకోవడానికి కాదు.

మీరూ ప్రయత్నించి చూడండి. ఒక పళ్లెంలో కందిపప్పు, పెసలు కలిపి పోసుకొని, మాట్లాడకుండా వేరు చేయండి. లేదా పూలు తెచ్చి దండ కట్టండి. ఒక్కొక్క పువ్వు కట్టేటప్పుడు మీకు మేలు చేసిన ఒక్కొక్కరిని తలచుకోండి. మనసు పక్కకు పోతే విసుగుకోకుండా మళ్లీ చేతి వైపు చూడండి. పది నిమిషాలు చాలు. దేవుణ్ణి నమ్మేవారికి అది ప్రార్థన. తక్కినవారికి అది తమతో తాము గడిపే కాసేపు.

మనలో చాలామందిమి ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష మాట్లాడుతాం. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు, స్నేహితుడు ఊరు వదిలి వెళ్లినప్పుడు, ఏ భాషలోనూ మాట రాదు. అప్పుడు చేతులకు పని ఇవ్వండి. వాటికి ఏ భాషా అక్కరలేదు.