ఒక నియోజకవర్గం, ఇద్దరు సభ్యులు

నియోజకవర్గానికి ఒక్కడే శాసనసభ్యుడు ఉంటాడన్నది ఈనాడు చిన్నపిల్లలకైనా తెలిసిన సంగతే. కాని మన శాసనసభలో మొదటినుంచీ ఇట్లాగే లేదు. 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు ఎన్నికలు జరిగినప్పుడు నియోజకవర్గాలు 167. సభలో స్థానాలు మాత్రం 196. లెక్క తప్పిందనుకోకండి. ఆ 167లో 29 నియోజకవర్గాలు ఒక్కొక్కటి ఇద్దరేసి సభ్యులను సభకు పంపినవి. 1957లో తెలంగాణా జిల్లాలలో ఎన్నికలు జరిగినప్పుడూ ఇదే తీరు: 85 నియోజకవర్గాలు, 105 స్థానాలు. ఇద్దరు సభ్యులున్న వాటినే ద్విసభ్య నియోజకవర్గాలు అనేవారు.

ఈ ఏర్పాటు ఎందుకు వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి. 1932లో బ్రిటిషు ప్రభుత్వం అస్పృశ్యులనబడిన కులాలవారికి ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వజూపింది. వారి స్థానాలకు వారే ఓటు వేసుకోవాలన్నమాట. గాంధీగారు యెరవాడ జైలులో నిరాహారదీక్ష పట్టారు. డాక్టర్ అంబేద్కర్‌తో చర్చలు జరిగి, ఆ సెప్టెంబరులో పూనా ఒడంబడిక కుదిరింది. దాని ప్రకారం రాష్ట్రాల సభలలో ఆ కులాలకు 148 స్థానాలు, అందులో మద్రాసుకు 30, ప్రత్యేకించారు. పోటీ చేసేది ఆ కులాలవారే అయినా, చివరి ఎన్నికలో ఓటు వేసేది మాత్రం ఊరంతా. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మన రాజ్యాంగం కూడా ఊరంతా కలిసి ఓటు వేసే పద్ధతినే నిలుపుకున్నది.

అయితే ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. షెడ్యూల్డు కులాలవారు ఏదో ఒక తాలూకాలో గుంపుగా ఉన్నవారు కారు. ప్రతి ఊళ్లోనూ కొద్దిమందిగా ఉన్నారు. ఒక ప్రాంతాన్ని పూర్తిగా వారికే ప్రత్యేకిస్తే, అక్కడి మిగతావారికి పోటీ చేసే అవకాశమే ఉండదు. అందుకని రెండు నియోజకవర్గాలంత ప్రాంతాన్ని ఒకటిగా కలిపి, ఒక స్థానం రిజర్వుడు, ఒక స్థానం సాధారణం అన్నారు. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు ఇచ్చారు.

తొలి సాధారణ ఎన్నికలలో చీటీ మీద ముద్ర వేసే పని లేదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. పెట్టె మీద అతని గుర్తు. మరుగులోకి వెళ్ళి మెచ్చినవారి పెట్టెలో చీటీ పడవేసి రావడమే. ద్విసభ్య నియోజకవర్గంలో ఓటరు చేతికి రెండు చీటీలు వచ్చేవి. రెండూ ఒకే అభ్యర్థికి వేయడానికి వీలులేదు; ఇద్దరికి వేయాలి. ఒక ఓటు రిజర్వుడు అభ్యర్థికే వేయాలన్న నిర్బంధమూ లేదు.

ఇక లెక్కింపు. ముందుగా రిజర్వుడు స్థానానికి అర్హులైన వారిలో ఎవరికి ఎక్కువ ఓట్లు వచ్చినవో చూసి, వారికి ఆ స్థానం ఇచ్చేవారు. ఆ తరువాత మిగిలిన అభ్యర్థులందరినీ ఒక్క వరుసలో నిలిపి, వారిలో ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవారికి సాధారణ స్థానం ఇచ్చేవారు. “మిగిలిన అభ్యర్థులందరూ” అన్నమాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. ఒక పెద్ద వ్యాజ్యానికి మూలం అదే.

శాసనసభకూ లోక్‌సభకూ ఈ విషయంలో చట్టం ఒక్కటే. 1957లో పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గం కూడా ద్విసభ్యమే. అక్కడ రిజర్వుడు స్థానం గిరిజనులది. సాధారణ స్థానానికి కాంగ్రెసు పక్షాన నిలిచినవారు శ్రీ వి.వి. గిరి. కార్మికోద్యమంలో తల పండినవారు, కేంద్రంలో కార్మిక మంత్రిగా పనిచేసి 1954లో రాజీనామా చేసినవారు. ఓట్లు లెక్కపెట్టేసరికి మొదటివారు గిరిజనులైన బిడ్డిక సత్యనారాయణ. రిజర్వుడు స్థానం వారికి దక్కింది. రెండవవారు దిప్పల సూరిదొర; వారూ గిరిజనులే. గిరిగారు మూడవవారు. సూరిదొరకూ వారికీ తేడా 565 ఓట్లు. సాధారణ స్థానం సూరిదొరకు వెళ్ళింది.

గిరిగారు ఊరుకోలేదు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా నడిచింది. రిజర్వుడు స్థానం కోరి నామినేషను వేసినవారికి సాధారణ స్థానం ఎట్లా ఇస్తారన్నది ఒక వాదం. సూరిదొర కుటుంబం పత్రాలలో క్షత్రియులమని రాసుకుంటున్నది, కాబట్టి ఆయన మూకదొర తెగవాడే కాదన్నది ఇంకొక వాదం. 1959లో సుప్రీంకోర్టు రెంటినీ త్రోసిపుచ్చింది. పత్రాలలో క్షత్రియులమని రాసుకున్నంత మాత్రాన పుట్టిన తెగ మారిపోదన్నది. రిజర్వుడు స్థానానికి నిలిచినందువల్ల సాధారణ స్థానానికి ఉన్న హక్కు పోదనీ చెప్పింది.

ఆ తీర్పు సారం మనం ఇంట్లో మాట్లాడుకునే మాటలలో చెప్పుకోవాలంటే ఇది: రిజర్వుడు స్థానం ఒకరికి ప్రత్యేకించినది; సాధారణ స్థానం ఎవరికీ ప్రత్యేకించినది కాదు. అది మిగతా కులాలవారి సొత్తు కాదు. ఒక స్థానం మీకు ఇచ్చాం కదా, రెండవదాని జోలికి రాకండి అనే హక్కు ఎవరికీ లేదు. గిరిగారు ఆ ఓటమితో ఆగిపోలేదు లెండి. ఆ 1957లోనే ఉత్తరప్రదేశ్ గవర్నరయ్యారు. 1967లో ఉపరాష్ట్రపతి, 1969లో రాష్ట్రపతి అయ్యారు.

ద్విసభ్య పద్ధతి మాత్రం ఎక్కువకాలం నిలవలేదు. నియోజకవర్గం రెండింతలు, తిరుగుడు రెండింతలు, ఖర్చు రెండింతలు. ఊరికి రోడ్డు కావాలంటే ఏ సభ్యుని అడగాలో తెలియక జనం తికమకపడేవారు. ఆయనను అడగమని ఈయన, ఈయనను అడగమని ఆయన తప్పుకోవడానికీ వీలుండేది. 1961లో పార్లమెంటు చట్టం చేసి ఈ నియోజకవర్గాలను రద్దు చేసింది. ఒక్కొక్కదాన్ని రెండుగా చీల్చి, ఒకటి రిజర్వుడు, ఒకటి సాధారణం అన్నారు. 1962లో మన శాసనసభకు 300 స్థానాలు, 300 నియోజకవర్గాలు.

ఇందువల్ల సౌకర్యం పెరిగిన మాట నిజమే. కాని చీలిక నేల మీద గీతతో ఆగలేదు. గీతకు ఇవతల ఊరు “రిజర్వుడు”, అవతల ఊరు “జనరల్” అన్న పేర్లు పడినవి. ఒకే వరుసలో నిలిచి పోటీ చేసినవారు వేరువేరు బరులకు పోయారు. “జనరల్” అన్నమాటకు “మనది” అన్న అర్థం మెల్లగా అలవాటైపోయింది.

ఈనాటి లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 స్థానాలు. అందులో షెడ్యూల్డు కులాలకు 29, తెగలకు 7. తెలంగాణాలో 119, అందులో 19, 12. మిగతా స్థానాలలో ఏ కులంవారైనా నిలవవచ్చు. చట్టం అడ్డుపడదు. కాని టిక్కెట్లు పంచే వేళ పెద్ద పార్టీలు అక్కడ షెడ్యూల్డు కులాలవారిని, గిరిజనులను నిలబెట్టడం అరుదు. వాళ్ళకు వేరే స్థానాలు ఉన్నాయిగా అన్నదే సమాధానం. సుప్రీంకోర్టు 1959లో కాదన్న వాదాన్నే పార్టీ కార్యాలయాలలో ఇంకా పాటిస్తున్నారన్నమాట.

ఇందులో మన ఇళ్ళలోని ఆడవారికి సంబంధించిన సంగతి కూడా ఉన్నది. 2023లో చేసిన 106వ రాజ్యాంగ సవరణ లోక్‌సభలోనూ శాసనసభలలోనూ మూడవవంతు స్థానాలను స్త్రీలకు ప్రత్యేకించింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరిగిన తరువాతనే అది అమలుకు వస్తుందని ఆ సవరణలోనే రాశారు. అది వచ్చిననాడు మిగిలిన రెండువంతుల స్థానాలు ఎవరివి? మగవారివి అనుకుంటే పార్వతీపురం వ్యాజ్యం మళ్ళీ మొదటికి వచ్చినట్టే. మూడవవంతు అన్నది తగ్గరాని లెక్క, మించరాని లెక్క కాదు. ఆనాడు ఒక స్త్రీ సాధారణ స్థానానికి టిక్కెట్టు అడిగితే, మీ స్థానాలు మీకున్నాయి కదమ్మా అని ఎవరైనా అనవచ్చు. సూరిదొర గెలిచింది సాధారణ స్థానంలోనేనని వారికి చెప్పండి.