బేరింగ్‌ను ఏ రింగు పట్టి లాగాలి?

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. వర్క్‌షాప్‌లో పనిచేసినవాళ్లకు బేరింగ్ కొత్త వస్తువు కాదు. ఓవర్‌హాల్‌కు వచ్చే ఐసీఎఫ్ కోచ్ ఇరుసు మీద ఉండే బేరింగ్ నంబరు 22326. చివరి రెండంకెలను ఐదుతో హెచ్చిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది: 130 మిల్లీమీటర్లు. దక్షిణాన దీఘా తీరంలో చేపలవేటకు వెళ్లే బోట్లకూ ఇదే లెక్క. ఇంజిన్‌ను చల్లబరిచే నీటి పంపులో 6204 బేరింగ్ ఉంటే రంధ్రం 20 మి.మీ. అంతకన్నా చిన్న సైజులకు ఈ లెక్క కుదరదు. 6203కు 17 మి.మీ.

కొలతల్లో ఎంత తేడా ఉన్నా, అరిగిన బేరింగ్‌ను తీసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటే: ఏ రింగు బిగువుగా ఉందో దాని మీదే బలం పడాలి. పంపులో షాఫ్టుతో పాటు తిరిగేది లోపలి రింగు. అది జారకుండా కొన్ని మైక్రాన్ల బిగువుతో ఎక్కిస్తారు. బయటి రింగు పంపు బాడీలో అంత బిగువుగా ఉండదు. చేతికి అందేది బయటి రింగే కాబట్టి చాలామంది పుల్లర్‌ను దానికే తగిలిస్తారు. అప్పుడు బలమంతా గుండ్ల మీదుగా వెళ్తుంది. ఎలాగూ పారేసేదే కదా అనుకోవద్దు. తుప్పు పట్టిన బేరింగ్ అయితే గుండ్లు ఊడి బయటి రింగు చేతికొస్తుంది, లోపలి రింగు షాఫ్టు మీదే ఉండిపోతుంది. దాన్ని గ్రైండర్‌తో కోయబోతే షాఫ్టుకు గాటు పడే ప్రమాదం ఉంది.

ముందు సముద్రపు నీరు వచ్చే వాల్వు కట్టేయాలి. పంపు మూత, రబ్బరు ఇంపెల్లర్, పుల్లీ తీశాక సర్క్లిప్ కోసం వెతకాలి. గ్రీజు, ఉప్పు పేరుకుని అది కనబడదు. ప్రెస్ కింద షాఫ్టు మొరాయిస్తే ముందు అనుమానించాల్సింది దాన్నే. బయటి రింగు బాడీలో ఇరుక్కుంటే బాడీని వేడి చేయండి. బాడీ కంచుదైతే ఉక్కు రింగు కన్నా ఎక్కువగా వ్యాకోచిస్తుంది, పట్టు సడలుతుంది. చాలా పంపుల్లో షాఫ్టు బేరింగ్‌లతో సహా పుల్లీ వైపుకే వస్తుంది. తర్వాత షాఫ్టు మీది తుప్పును ఎమరీ కాగితంతో తీసి, లోపలి రింగు కింద రెండు సగం ప్లేట్లు ఆనించి, షాఫ్టును నిలువుగా నొక్కాలి. కొన మరలు చెడకుండా మధ్యలో ఇత్తడి ముక్క పెట్టాలి.

కొత్తది ఎక్కించేటప్పుడు వేడి మళ్లీ ఉపయోగపడుతుంది. బండి చక్రానికి ఇనుప పట్టా కాల్చి తొడిగినట్టే ఇదీ, కానీ మంట తగలకూడదు. 120 డిగ్రీలు దాటకూడదు. 80 డిగ్రీలు వేడెక్కితే 20 మి.మీ. రంధ్రం సుమారు 19 మైక్రాన్లు పెరుగుతుంది. బిగువును దాటడానికి అది చాలు.

పాత బేరింగ్‌ను అప్పుడే పారేయకండి. లోపల ఎర్రటి తుప్పు ఉంటే నీరు సీల్ దాటిందని అర్థం. చాలా పంపుల్లో సీల్‌కూ బేరింగ్‌కూ మధ్య, అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. సీల్ దాటిన నీరు బయటికి పోయే దారి అది. చుక్కలు పడుతున్నాయని దాన్ని మూసేస్తే ఉప్పునీరు నేరుగా బేరింగ్‌లోకి చేరుతుంది. సీల్ మార్చండి. సీల్ పెదవి రాసుకునే చోట షాఫ్టు మీద గోటికి తగిలే గాడి ఉంటే షాఫ్టునూ మార్చాలి. లేకపోతే కొత్త సీల్ కూడా కారుతుంది, ఆ వెనకే కొత్త బేరింగూ పోతుంది.