వాన వెలిసిన మర్నాడు ఏ బాట?

రాత్రంతా దంచికొట్టిన వాన తెల్లారేసరికి వెలిసింది. హైదరాబాద్ పడమటి శివార్లలో మౌంటెన్ బైక్ తొక్కేవాళ్లకు ఆ పొద్దున ఒకటే ఆలోచన: చెల్కకా, రేగడికా?

గండిపేట చుట్టుపక్కల ఉన్నది ఎక్కువగా ఎర్ర చెల్క. గ్రానైట్ బండలు యుగాల తరబడి అరిగి రాలిన ఇసుక నేల అది. నీళ్లు తొందరగా ఇంకిపోతాయి, తడికి ఇసుక గట్టిపడి టైరుకు పట్టు దొరుకుతుంది. చేవెళ్ల, శంకర్‌పల్లి దిక్కు నల్లరేగడి తగిలిందంటే కథ వేరు. నాలుగు చుట్లు తిరిగేలోపే చక్రానికి బురద ముద్దలు పట్టి, ఫోర్కు సందులో ఇరుక్కుని, బండి కదలదు. దిగి, వేపపుల్ల విరిచి గోకాలి. గోకిన చోటే మళ్లీ అంటుకుంటుంది. చివరికి సైకిల్ భుజానికెత్తుకోవాల్సిందే. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. తడి రేగడిలో పడ్డ టైరు చాళ్లు ఎండాక ఇటుకలా బిగుస్తాయి, ఆ బాటన రోజూ నడిచే రైతు కాళ్లకు తగులుతాయి. రెండు రోజులు ఆగడమే మర్యాద.

అమెరికాలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు 1976లో పాత సైకిళ్లతో కొండ దిగే పందేలు పెట్టుకున్నారు. 1996 అట్లాంటా నాటికి మౌంటెన్ బైకింగ్ ఒలింపిక్స్‌కు ఎక్కింది. రెండంగుళాల పైన వెడల్పుండే గుబ్బల టైర్లే ఈ సైకిల్‌కు ప్రాణం. రోడ్డు సైకిల్ టైరును రాయిలా గట్టిగా నింపితే, దీనికి పాతిక, ముప్పై పీఎస్ఐ గాలి చాలు. టైరు కాస్త అణిగి రాయిని కరుచుకుంటుంది.

హైదరాబాద్ శివార్ల బాటలను సైకిళ్ల కోసమని ఎవరూ వేయలేదు. మేకల మందలు, ఎడ్లబండ్లు, వాన కోతలు కలిసి వేసినవి. నగరానికి ఇంత దగ్గరలో అవి మిగలడానికి ఒక ప్రభుత్వ ఉత్తర్వూ కారణమే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడేందుకు 1996లో వచ్చిన జీవో 111, పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలను కట్టడి చేసింది. కాపాడింది నీళ్లనే అయినా, నీళ్లతోపాటు బాటలూ బతికాయి. ఆ ఆంక్షలను సడలించే నిర్ణయాలు వచ్చాక, ఈ నేల ఎన్నాళ్లు తెరిచి ఉంటుందన్న బెంగ తొక్కేవాళ్లలో గట్టిగానే ఉంది. ప్రహరీ ఒక్కటి లేచినా బాట తెగిపోతుంది మరి.

బతుకమ్మ నాటికి గట్లన్నీ తంగేడు పసుపు, గుట్టల మీద సీతాఫలాలు. చూపుకు పండగే గానీ, మోకాలెత్తు గడ్డిలో రాయి కనబడదు, రక్తపింజర అసలే కనబడదు. వేగం తగ్గించక తప్పదు.

చలికాలం మంచి కాలమే, పల్లేరు లేకపోతే. వానలకు మొలిచిన తీగ ఎండి కాయలు రాలుస్తుంది. ఆ కాయ ఎటు పడ్డా ఒక ముల్లు పైకే చూస్తుంది. ట్యూబు తీసేసి టైరులోనే సీలెంట్ పోయించుకున్నవాళ్లకు చిన్న చిల్లులు వాటంతటవే పూడుకుంటాయి. మిగతావాళ్లు పంక్చర్ సామాను వెంట పెట్టుకోవాల్సిందే.

ఎండాకాలం వచ్చేసరికి వానల్లో పట్టునిచ్చిన చెల్క వాలే పొడిబారి, గులకమొరం గోలీల్లా జారుతుంది. ముందు బ్రేకు గట్టిగా నొక్కితే బోర్లా పడ్డట్టే. ఒళ్లు వెనక్కి వేసి, రెండు బ్రేకులూ మెల్లగా పట్టుకుంటూ దిగాలి. ఎనిమిదింటికల్లా ఇల్లు చేరాలి.

ఆ మొరంలోనే తీతువు పిట్ట గుడ్లు పెడుతుంది. గూడంటూ ఉండదు, చిన్న గుంత చాలు. మచ్చల గుడ్డుకూ గులకరాయికీ తేడా తెలియదు. దగ్గరికొచ్చిన మనిషి తల మీద పిట్ట అరుస్తూ చుట్లు కొడుతుంటే, ఎరిగినవాళ్లు దిగి, కింద చూసుకుంటూ సైకిల్ నడిపించుకుపోతారు. గుడ్లు పిల్లలవడానికి సుమారు నాలుగు వారాలు. అన్నాళ్లూ బాట ఆ చోట రెండు గజాలు పక్కకు జరుగుతుంది.