మెదడు కణాలను కాపాడే దారిలో ఓ విద్యార్థిని

మెదడువాపు అనగానే మన ఇళ్లలో దోమకాటుతో పిల్లలకు వచ్చే జ్వరమే గుర్తుకొస్తుంది. అయితే ఏ క్రిమీ సోకకుండానే మెదడులో వాపు మొదలయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. తలకు బలమైన దెబ్బ తగిలినా, అల్జీమర్స్ వంటి వ్యాధులు ముదిరినా ఈ పరిస్థితి ఏర్పడుతుంది. ప్రమాదం జరిగిన క్షణంలో కొన్ని కణాలు చనిపోతాయి. ఆ తర్వాత రోజుల తరబడి మరికొన్ని నశిస్తూనే ఉంటాయి. ఈ రెండో నష్టాన్ని ఆపలేమా?

ఈ ప్రశ్నను చేపట్టిన అమ్మాయి ఇంద్రాణీ దాస్. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో పెరిగిన భారత సంతతి బాలిక. బెర్గెన్ కౌంటీ అకాడమీస్ అనే హైస్కూలులో చదువుతూ, 17 ఏళ్ల వయసులో, 2017 మార్చిలో రీజెనెరాన్ సైన్స్ టాలెంట్ సెర్చ్ పోటీలో ప్రథమ బహుమతిగా 2,50,000 డాలర్లు గెలుచుకుంది. ఈ పోటీ 1942లో మొదలైంది.

ఇంతకీ ఆమె చేసిందేమిటి? మెదడులో నాడీకణాలకు తోడుగా నక్షత్రాల ఆకారంలో ఆస్ట్రోసైట్లు అనే కణాలుంటాయి. నాడీకణాలు ఒకదానికొకటి కబురు పంపుకునేందుకు గ్లుటమేట్ అనే రసాయనాన్ని వాడతాయి. మిగిలిపోయిన గ్లుటమేట్‌ను పీల్చుకుని శుభ్రం చేయడం ఆస్ట్రోసైట్ల పని. దెబ్బ తగిలినప్పుడు ఇవి ఉబ్బిపోతాయి, సంఖ్యలో పెరుగుతాయి, అసలు పనిని మాత్రం తగ్గించేస్తాయి. పేరుకున్న గ్లుటమేట్ నాడీకణాల పాలిట విషమవుతుంది.

ఇంద్రాణి ఈ కాపలా కణాలనే దారికి తేవాలనుకుంది. కణాలు తమలోంచి ఎక్సోజోములనే అతి సూక్ష్మమైన తిత్తులను బయటికి వదులుతాయి. మైక్రో ఆర్‌ఎన్‌ఏ-124ఎ అనే అణువును ఆస్ట్రోసైట్లలోకి చొప్పించి, అవి వదిలిన తిత్తులను వేరుచేసి, ప్రయోగశాలలో పరీక్షించింది. ఆస్ట్రోసైట్లు గ్లుటమేట్‌ను మెరుగ్గా పీల్చుకున్నాయి. బతికి బయటపడిన నాడీకణాల సంఖ్యా పెరిగింది.

ఇది మందు కాదు. ప్రయోగశాలలో కణాలపై దక్కిన ఫలితం రోగి మంచం దాకా చేరాలంటే ఏళ్లు పడుతుంది, చేరకనూ పోవచ్చు. మోటారు సైకిలు ప్రమాదంలో తలకు దెబ్బతిన్న కొడుకు పక్కన కూర్చున్న తల్లికి ఈ తేడా తెలియాలి. లేని ఆశ కల్పించడం దయ అనిపించుకోదు.

అయినా, అంత పెద్ద సమస్యలో ఓ చిన్న ముడిని ఎంచుకుని ఓపికగా విప్పజూసింది ఒక బడిపిల్ల. అందుకు ప్రయోగశాల కావాలి, నేర్పే గురువు కావాలి. అన్నిటికన్నా ముందు, అమ్మాయి "ఎందుకు?" అని అడిగితే విసుక్కోని ఇల్లు కావాలి. మొదటి రెండూ మన చేతిలో లేకపోవచ్చు. మూడోది మాత్రం మన చేతిలోనే ఉంది.