ముందు ఆ బిడ్డ మాట వినండి: బడి కౌన్సిలర్లకు కొన్ని సూచనలు

ప్రాణం తీసుకోబోయిన పిల్లలను మా ఆసుపత్రికి తెచ్చినప్పుడు తల్లిదండ్రులు కేస్ షీటులో "కడుపునొప్పి" అని రాయిస్తుంటారు. అసలు సంగతి రెండు మూడు రోజుల తరువాత, రాత్రి డ్యూటీ సిస్టరుకు మెల్లగా తెలుస్తుంది. ఒక పదో తరగతి అబ్బాయి, తనకు అబ్బాయిల మీదే ఇష్టం కలుగుతోందని నమ్మకమున్న టీచరుకు చెప్పుకున్నాడు. టీచరు మంచి ఉద్దేశంతోనే ఆ సాయంత్రం తండ్రికి ఫోను చేసి చెప్పేశారు. తెల్లవారేసరికి ఆ బిడ్డ మా వార్డులో ఉన్నాడు. దేవుని కృప వలన బతికాడు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఇది జబ్బా?

కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుండి తీసివేసింది. ఇది మానసిక వ్యాధి కాదని భారత మానసిక వైద్యుల సంఘం 2018లో ప్రకటించింది. పెద్దల మధ్య పరస్పర అంగీకారంతో ఉండే సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు అదే ఏడాది సెప్టెంబరు 6న తీర్పు ఇచ్చింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను 2014లోనే గుర్తించింది. కనుక "మార్చేస్తాము" అనేవారి దగ్గరకు పిల్లలను పంపకండి. అలాంటి చికిత్స చేయడం వైద్యవృత్తికి తగని ప్రవర్తన అని జాతీయ మెడికల్ కమిషన్ 2022లో తెలియజేసింది.

మరి బాధ ఎక్కడిది? "తేడా", "ఆడంగి", "మగరాయుడు" అనే వెక్కిరింపుల నుండి, ఎవరికైనా తెలిసిపోతుందేమోనన్న భయం నుండి వస్తుంది.

కౌన్సిలర్లు చేయవలసినవి

1. మాటలు బయటికి వినబడని, మనుషులు మాత్రం కనబడే చోట కూర్చోండి. "ఎవరు నేర్పారు?" అనవద్దు. "వయసుతో పోతుందిలే" అని కూడా అనవద్దు. "నాకు చెప్పావు, మంచిపని చేశావు. ఇందులో నీ తప్పేమీ లేదు" అనండి. బిడ్డ తనకు తాను పెట్టుకోని పేరు మీరు పెట్టకండి.

2. రహస్యానికి ఉన్న హద్దు ముందే చెప్పండి. ప్రాణానికి ముప్పు ఉంటే పెద్దలకు చెప్పక తప్పదు. 18 ఏళ్ల లోపువారిపై లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయాలి. మిగతా సంగతులు బిడ్డ ఒప్పుకోకుండా హెడ్మాస్టరుకు గాని, పాస్టరుగారికి గాని చెప్పవద్దు. ప్రార్థన విన్నపంగా కూడా బయటపెట్టవద్దు.

3. నడక మార్చుకోమని బిడ్డకు చెప్పకండి, వెక్కిరించేవారిని ఆపండి. మరుగుదొడ్డి దగ్గర ఏడిపిస్తారని భయపడే పిల్లలు రోజంతా నీళ్లు తాగకుండా, మూత్రం ఆపుకొని ఉంటారు. దానివల్ల ఇన్‌ఫెక్షన్ రావచ్చు. భయం లేకుండా వెళ్లే వీలు కల్పించండి.

4. తిండి, నిద్ర తగ్గినా, చేతులపై కోతలు కనబడినా, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా "చనిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలక ఆసుపత్రికి తీసుకురండి. టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పిల్లల సహాయానికి 1098 ఉంది.

5. తల్లిదండ్రులకు ఎప్పుడు, ఎలా చెప్పాలో బిడ్డతో కలిసి నిర్ణయించండి. ముందుగా ఎవరికి చెబితే మేలో, అమ్మకా, అమ్మమ్మకా, మేనమామకా, అన్నది ఆ బిడ్డకే బాగా తెలుసు.

కౌన్సిలరు లేని బడులలో ఈ పని క్లాసు టీచరు మీద, హాస్టల్ వార్డెను మీద పడుతుంది. సండే స్కూలు టీచర్లూ ఇవి గుర్తుంచుకోవాలి. ఈ విషయమై మన సంఘాలలో అభిప్రాయ భేదాలు ఉన్నాయని మాకు తెలుసు. కాని మంచి సమరయుడు దారిలో పడివున్న మనిషిని ఏ ప్రశ్నా అడగలేదు, గాయానికి కట్టు కట్టాడు.

ఆ అబ్బాయి డిశ్చార్జి అయ్యేనాటికి తండ్రి మా డాక్టరుగారితో మూడుసార్లు కూర్చుని మాట్లాడారు. వెళ్లేటప్పుడు కొడుకు సంచి తానే మోసుకెళ్లారు. ఆ మాటలు బడిలోనే మొదలై ఉంటే ఆ బిడ్డ మా వార్డు దాకా వచ్చేవాడు కాదు.