మీకు తెలుసా? మన చెవి కూడా చప్పుడు చేస్తుంది!

చెవి వింటుందని అందరికీ తెలుసు. మరి చెవే శబ్దం చేస్తుందంటే నమ్ముతారా? రామగుండం బొగ్గు బాయి నుంచి పసిబిడ్డ ఉయ్యాల దాకా ఏరి తెచ్చిన వింతలివి!

● చెవిలో ‘టిక్’మనిపిస్తే లోపలి చెవి తిరిగి పలుకుతుంది! సెకనులో వందో వంతు అటూ ఇటూగా వచ్చే ఆ సన్నని జవాబును చెవి రంధ్రంలో పెట్టిన బుల్లి మైకు పట్టుకుంటుంది. ఇదే ఓఏఈ (ఓటోఅకౌస్టిక్ ఎమిషన్స్) పరీక్ష.

● చెవి ఇలా పలకొచ్చని శాస్త్రవేత్త థామస్ గోల్డ్ 1948లోనే ఊహిస్తే, రుజువుకు 30 ఏళ్లు పట్టింది! లండన్‌లో డేవిడ్ కెంప్ ఆ శబ్దాన్ని పట్టి 1978లో ప్రకటించాడు. రామగుండం ఎన్టీపీసీకి శంకుస్థాపన జరిగిందీ ఆ ఏడాదే!

● చెవి పలుకు ఎంత చిన్నదో చెప్పుకోండి చూద్దాం! చాలావరకు 20 డెసిబెళ్ల లోపే. గనుల్లో 8 గంటల పనికి ప్రమాద హద్దుగా పెట్టిన 90 డెసిబెళ్ల మోత శక్తి దానికి కోటి రెట్లు!

● ఆ పలుకు పుట్టే చోటు శనగ గింజంతే! నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన ఆ గొట్టాన్ని సాగదీస్తే సుమారు 35 మిల్లీమీటర్లు వస్తుంది.

● ఒక్కో చెవిలో దాదాపు 12 వేల ‘నాట్యగత్తెలు’ ఉన్నాయి! బయటి వరస రోమకణాలు శబ్దానికి తగ్గట్టు సెకనుకు వేలసార్లు సాగి ముడుచుకుంటూ సన్నని సవ్వడిని పెంచుతాయి. ఓఏఈ పుట్టేది ఆ నాట్యంలోంచే.

● రెండు స్వరాలు వినిపిస్తే చెవి మూడోది కలిపి ఇస్తుంది! మనం ఇవ్వని ఆ మూడో స్వరం మైకులో పడిందంటే ఆ చోట రోమకణాలు బాగా పనిచేస్తున్నట్టే.

● చెవికి షిఫ్టులు లేవు! నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు ఆదమరిచి నిద్రపోయే కార్మికుడి చెవి కూడా ఈ పరీక్షకు జవాబిస్తుంది.

● ఓసీపీలో (ఉపరితల బొగ్గు గనిలో) బ్లాస్టింగ్ మోత చెవి కాపలాదారు కన్నా వేగం! పెద్ద చప్పుడుకు బిగుసుకుని కాపాడే మధ్య చెవి కండరానికి సెకనులో పదో వంతు దాకా పడుతుంది, మోత అప్పటికే లోపలికి దూరిపోతుంది.

● ఈ విషయంలో మనకన్నా కోడే నయం! కోడి చెవిలో చచ్చిన రోమకణాల చోట కొత్తవి పుడతాయి, మనిషికి పోయినవి పోయినట్టే.

● చెముడు నటించే వారి గుట్టు చెవే విప్పేస్తుంది! ‘వినిపించింది’ అని చేయెత్తే పని ఈ పరీక్షలో లేదు, జవాబు నేరుగా చెవే ఇస్తుంది.

● ఆస్పిరిన్ ఎక్కువ మోతాదులో పడితే చెవి పలుకు తగ్గిపోతుంది! ఆ మందు రోమకణాల నాట్యాన్ని మందగింపజేస్తుంది, ఆపేశాక మామూలుగా మళ్లీ మొదలవుతుంది.

● పుట్టిన బిడ్డ లోపలి చెవి పెద్దవాళ్ల చెవంత ఉంటుంది! తల్లి కడుపులో సగం నెలలు గడిచేసరికే అది పూర్తి సైజుకు చేరుకుంటుంది.

● పుట్టిన మొదటి రోజున బాగా వినే బిడ్డ కూడా ఈ పరీక్ష ‘తప్పొచ్చు’! చెవిలో మిగిలిన ఉమ్మనీరు, తెల్లటి జిడ్డు శబ్దానికి అడ్డుపడతాయి కాబట్టి, బెంబేలెత్తకుండా మళ్లీ చేయిస్తే చాలు.

● చెవి పలికినా మనిషికి వినపడకపోవచ్చు! లోపం చెవి నుంచి మెదడుకు వెళ్లే నరంలో ఉంటే ఓఏఈ బాగానే వస్తుంది, అందుకే డాక్టర్లు ఆ నరం పనితీరు చూసే బేరా పరీక్ష కూడా చేయిస్తారు.

● వినికిడి లోపం ఉన్నవారి కోసం దేశం పెట్టిన జాతీయ సంస్థకు హైదరాబాదీ పేరుంది! ముంబైలో 1983లో వెలసిన ఆ సంస్థ అలీ యావర్ జంగ్ పేరు మీద ఉంది, ఆయన ఉస్మానియా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు.

ఇంట్లో పసిబిడ్డ ఉందా? నెల నిండేలోపు చెవి పరీక్ష చేయించండి. లోపముంటే ఆరు నెలల్లోపే వైద్యం మొదలైతే మాటలు చక్కగా వస్తాయి. బాయికి పోయే అన్నలూ, ఇయర్ ప్లగ్గులు మరవకండి. పోయిన రోమకణం తిరిగి రాదు!