నాటకకర్త చేతి ఉలి

పటమును విప్పి కథ చెప్పుట మనకు క్రొత్త గాదు. చేర్యాల నకాషీలు చిత్రించిన పొడవైన పటమును వ్రేలాడదీసి, కథకుడు ఒక్కొక్క ఘట్టమును చూపుచు పాడుట తెలంగాణమున తరతరములుగా వచ్చుచున్న సంప్రదాయము. కృష్ణా జిల్లాలోని పెడనయందు టేకుదిమ్మలపై లతలను జెక్కి వస్త్రములపై అద్దువారును గలరు. అయినను మనలో నాటకము వ్రాయువాడు వేఱు, చిత్రము గీయువాడు వేఱు, దిమ్మ చెక్కువాడు వేఱు. ఈ మూడు పనులను ఒక్క చేతితో నెఱవేర్చిన జర్మను నాటకకర్త యొకడు గలడు. ఆతని పేరు ఎర్నస్ట్ బార్లాఖ్.

బార్లాఖ్ 1870వ సంవత్సరమున ఉత్తర జర్మనీలోని వెడెల్ పట్టణమున జన్మించెను. వృత్తిచే శిల్పి. 1906లో రష్యాకు బోయి, అచ్చటి కర్షకులను, యాచకులను చూచి వచ్చిన పిదప ఆతని కళకు తన త్రోవ దొరకినది. 1910 నుండి గుస్ట్రో అను చిన్న పట్టణమున నివసించెను. 1912లో ‘మృతదినము’ అను తొలి నాటకము వెలువడగా, దానికి దానే 27 శిలాముద్రణ చిత్రములను గూర్చెను.

ఆతని జీవితమున నొక దోషము గలదు. దానిని దాచుట తగదు. 1914లో యుద్ధము పుట్టినపుడు ఆతడును పదుగురితోపాటు ఆవేశపడి, అది పవిత్రయుద్ధమని చాటు చిత్రమును ప్రకటించెను. కొన్ని మాసములు సైన్యమున నుండి వచ్చుసరికి ఆ భ్రమ తొలగినది. 1916లో అదే చేయి శాంతిని వేడు చిత్రమును గీచినది.

యుద్ధానంతరము ఆతడు కొయ్యచెక్కడమునకు దిగెను. ఈ పద్ధతియందు తెల్లగా నుండవలసిన భాగమును ఉలితో తొలగించి, నల్లగా నుండవలసినదానిని మిట్టగా విడిచిపెట్టుదురు. చిత్రము కుడియెడమలుగా తలక్రిందై యుండును; సిరా పూసి కాగితముపై నొత్తినపుడే సరిపడును. ఒకసారి తొలగించిన చెక్కను మరల అతికింపరాదు. కావున చెక్కువాడు ముందుగానే నిశ్చయించుకొనవలెను. అక్షరములతో సరిసమానమైన యెత్తున దిమ్మను కోసినచో, మాటయు బొమ్మయు ఒకే యంత్రమున, ఒకే యొత్తిడికి అచ్చుపడును. నాటకకర్తకు ఇంతకన్న అనుకూలమైన సాధనము వేఱొకటి యేమున్నది?

1922లో వెలువడిన ‘దొరకిన శిశువు’ అను నాటకమునకు ఆతడు 20 కొయ్యచెక్కడములను గూర్చెను. ఆకలిచే త్రోవపట్టిన జనము. నడుమ నెవ్వరును ముట్టనొల్లని వికృతశిశువు. ఇరువురు యువజనులు ఆ బిడ్డను తమదిగా స్వీకరింపగా శిశువు తేజోవంతమగును. ఆ యేడే దైవము యొక్క రూపాంతరములను 7 చెక్కడములుగా ప్రకటించెను. 1924లో ఆతని నాటకరచనకు క్లైస్టు బహుమాన మబ్బినది.

పిమ్మట హిట్లరు ప్రభుత్వము వచ్చినది. దీనులను దీనులుగా చూపిన కళ వారికి గిట్టలేదు. 1936లో ఆతని రేఖాచిత్రముల గ్రంథమును పోలీసులు పట్టుకొనిరి. 1937లో ప్రదర్శనశాలలనుండి 380కి మించిన కృతులను తొలగించిరి. గుస్ట్రో దేవాలయమున 1927లో వ్రేలాడగట్టిన కంచుమూర్తిని దింపి కరగించిరి. 1938 అక్టోబరు 24వ తేదీని ఆతడు మరణించెను.

అయినను మన భాషలో ‘అచ్చు’ అను మాటకు రెండర్థములు గలవు గదా. ఆ రెండును ఆతనిని కాపాడినవి. మూర్తి పోయినను పోత అచ్చు మిగిలినది. మిత్రులు దానినుండి రహస్యముగా మఱియొక ప్రతిని పోయించి దాచిరి. అది 1952లో కొలోన్ నగరమున నెలకొన్నది. మరుసటి యేడు గుస్ట్రోకును మూర్తి తిరిగివచ్చినది. కాగితముపై నచ్చువడిన చెక్కడములో, అనేక ప్రతులై అనేక గృహములకు ముందే చేరియుండెను. ఒక కంచును కరగించుట సులభము. వేయి కాగితములను వెదకుట యే రాజునకును సాధ్యము గాదు.

ఇది పరదేశపు ముచ్చట మాత్రమే యని తలపరాదు. 1943 నాటి బెంగాలు క్షామమును కన్నులార చూచి చిత్తప్రసాద్ వ్రాసి గీచిన పుస్తకమును ఆంగ్లప్రభుత్వము పట్టి తగులబెట్టినది. ఒక ప్రతి మిగిలినందున 2011లో అది మరల అచ్చుపడినది.

కావున నాటకాభిమానులకు మా విన్నప మొక్కటి. రాజేంద్రనగరము, శంషాబాదు ప్రాంతముల పాఠశాలలయందు బాలురు, బాలికలు ఏటేట నాటకము లాడుదురు; తెర పడగానే అవి మఱపున బడును. పిల్లలచేతనే ఆ నాటకములను వ్రాయించి, వారిచేతనే దిమ్మలు చెక్కించి, చిన్న పుస్తకములుగా అచ్చొత్తింపరాదా? ఒక ఉలి, ఒక చెక్క, కొంచెము సిరా, కొన్ని దస్తాల కాగితము. ఒక పెండ్లిపందిరి యలంకారమునకగు వ్యయములో నిది నూఱవ వంతైనను గాదు. స్థితిమంతులైన భూస్వాములును పురజనులును ఈ భారమును వహింతురు గాక.